ఎవరి ‘సి’ అండీ?

పాలకొల్లులో పుట్టినవాణ్ణి నేను. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు ఎంత గొప్పదో రాజమండ్రిలో ఎదురైన ప్రతివాణ్ణీ ఆపి మరీ చెప్పినవాణ్ణి. ఆయన పక్కన కూర్చుని ఆయనకి దీటుగా వాయిస్తున్న మాండలిన్ మనిషిది మా ఊరేనన్న సంగతి మాత్రం, సీడీ డబ్బా వెనక పేర్లు మా ఆవిడ చదివి చెప్పేదాకా తెలియలేదు.

“యు. శ్రీనివాస్ అంటే మన మాండలిన్ శ్రీనివాసే కదండీ. మీ ఊరబ్బాయి,” అంది.

“అతనెందుకవుతాడు? ఇది జాజ్,” అన్నాను.

అది రిమెంబర్ శక్తి బృందం సీడీ. తబలా జాకిర్ హుస్సేన్. మెక్‌లాఫ్లిన్ గిటారు కోసం కొన్నాను, మాండలిన్ మోగినప్పుడల్లా గిటారు మళ్ళీ ఎప్పుడొస్తుందా అని ఎదురు చూశాను. మా ఆవిడ చెప్పాక కూడా నమ్మలేదు. పాలకొల్లులో ఉన్న మా అన్నయ్యకి ఫోన్ చేసి అడిగితే, “నీకిప్పుడా తెలిసింది?” అని పెట్టేశాడు.

ఊరందరికీ తెలిసిన కథే. 1969లో పుట్టిన పిల్లాడు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండలిన్ పిల్లాడు తనంతట తనే అందుకున్నాడు. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు వాడి చెయ్యి చూసి పాఠం మొదలుపెట్టారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు ఆ పాటని తీగల మీద పట్టుకునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు, అప్పటికి పద్నాలుగేళ్ళు. అదే కాలంలో నేను కాలేజీలో జాజ్ అనే మాట కొత్తగా నేర్చుకుని వాడడం మొదలుపెట్టాను. వినడం ఆ తర్వాతెప్పుడో.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, ఎలాగూ కూర్చున్నాం కనక. మామూలు మాండలిన్‌కి జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటగానే మోగి ఆగిపోతుంది, గమకానికి నిలవదు. శ్రీనివాస్ ఆ జంటలు తీసేసి ఒంటి తీగలు అయిదు పెట్టుకుని, కరెంటు తగిలించి, స్వరాన్ని సాగదీసేలా చేసుకున్నాడు. ఆ రోజుల్లో మా హాస్టల్లో ఎవరో ఆ సంగతి చెప్తే, “వైరు తగిలించిన డబ్బాలో కీర్తనేమిట్రా” అని నవ్వించాను. వెక్కిరించిన సంగతి గుర్తుంది, ఎవర్ని వెక్కిరించానో మర్చిపోయాను. మెక్‌లాఫ్లిన్ వాయించే కరెంటు గిటారుకి దణ్ణం పెట్టినప్పుడు కూడా గుర్తు రాలేదు. 2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ పోయారు, నలభై అయిదేళ్ళకి. ఆయన్ని ఎదురుగా కూర్చుని ఒక్కసారీ వినలేదు నేను.

ఇంతటి చెవిగలవాణ్ణి కాబట్టే, మా అమ్మాయి పెళ్ళి రిసెప్షన్‌కి సంగీతం బాధ్యత నేనే తీసుకున్నాను.

దానికి ముందు నా పిచ్చి గురించి కొంచెం చెప్పాలి. మా తోడల్లుడు అమెరికా నుంచి వస్తూ తెచ్చిన సీడీల్లో ‘ది బ్రిడ్జ్’ ఒకటి. సానీ రోలిన్స్ టెనర్ శాక్సోఫోన్, జిమ్ హాల్ గిటారు, వెనక బాసూ డ్రమ్సూ. 1962 నాటిది. పియానో ఉండదు. పియానో వాయించేవాడి పది వేళ్ళూ కలిస్తే గదిలో కుర్చీలన్నీ నిండిపోతాయి, శాక్సు నిలబడే వాయించుకోవాలి. గిటారు రెండు మూడు స్వరాలు అలా తాకి పక్కకి తప్పుకుంటుంది. పైగా గిటారు తీగ మీటిన క్షణం నుంచీ శబ్దం తగ్గుతూనే పోతుంది, శాక్సు శబ్దం ఊపిరున్నంతసేపూ నిలబడుతుంది, కావాలంటే పెరుగుతుంది. ఒకరు వదిలేసిన చోట ఇంకొకరు పట్టుకునే వీలు ఆ వాయిద్యాల పుట్టుకలోనే ఉంది. చిక్కు కూడా అక్కడే ఉంది. టెనర్ తిరిగే స్థాయిలూ గిటారు తిరిగే స్థాయిలూ చాలా మేరకి ఒకటే. ఒళ్ళు దగ్గర పెట్టుకోకపోతే ఒకరి కాలు ఒకరు తొక్కుతారు.

తర్వాత జూట్ సిమ్స్, జో పాస్ ఇద్దరే కలిసి 1982లో చేసిన ‘బ్లూస్ ఫర్ టూ’ దొరికింది. ఇందులో బాసూ లేదు, డ్రమ్సూ లేవు. తాళం, మంద్రం, తీగల మీద శ్రుతుల గుత్తులు, మూడూ జో పాస్ ఒక్కడే చూసుకోవాలి. సిమ్స్ పెద్దాయన, తొందరపడడు. ఒక మాట అని ఆగుతాడు. ఆ ఆగినచోట గిటారు ఏదో గొణుగుతుంది. ఇది వినీ వినీ, స్కాట్ హామిల్టన్, బకీ పిజరెల్లి ఇద్దరూ జూట్ సిమ్స్‌ని తలుచుకుంటూ 1998లో చేసిన ‘ది రెడ్ డోర్’ కూడా తెప్పించుకుని, ఇంట్లో వాళ్ళు సీరియల్ చూసే టైముకే పెట్టేవాణ్ణి. మా ఇంట్లో జాజ్ అంటే అందరికీ పడదు. కారణం జాజ్ కాదు.

రోలిన్స్ కథ నాకు కంఠతా వచ్చు. 1959 నాటికే పేరొచ్చేసిన మనిషి, తన వాయింపు తనకే నచ్చక కచేరీలు మానేశాడు. ఇంట్లో వాయిస్తే ఇరుగుపొరుగుకి ఇబ్బందని న్యూయార్కు విలియమ్స్‌బర్గ్ వంతెన మీదకెళ్ళి 1961 దాకా సాధన చేశాడు. తిరిగొచ్చి చేసిన రికార్డే ‘ది బ్రిడ్జ్’. ఈ కథ నేను మా మేనల్లుడికి గోదారి గట్టున నిలబెట్టి చెప్పాను. వాడు ఇంజనీరింగ్ చదువుతూ గిటారు వాయిస్తాడు. “ఒరే, ఆ వంతెన పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. మన రోడ్డు కం రైలు వంతెన నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. నువ్వు వెళ్ళి దాని మీద సాధన చెయ్యాలి” అన్నాను. వాడు నాకేసి చూసి, “మావయ్యా, పైన లారీలు, కింద రైళ్ళు, మధ్యలో నేను. హేవలాక్ వంతెనైతే 1997లోనే మూసేశారు. నన్ను ఇంట్లోనే వాయించుకోనీ” అన్నాడు. గురి లేదు కుర్రాడికి, అనుకున్నాను.

పెళ్ళికి శాక్సు కావాలి. మా గోదారి జిల్లాల్లో శాక్సు కావాలంటే బ్యాండు మేళమే. ఊరేగింపు ముందు నడుస్తూ, జనరేటర్ బండి వెలుగులో, మూడు డ్రమ్ముల మధ్య ఊపిరి తెగేలా వాయించే శాక్సు మేష్టారుని మీరు చూసే ఉంటారు. నేనూ చూశాను. చూసినప్పుడల్లా పక్కవాడితో, “అసలైన శాక్సంటే ఇది కాదండీ” అనేవాణ్ణి. లంకల్లో ఉన్న ఒక మేష్టారి దగ్గరికి నేనే వెళ్ళాను. వాకిట్లో జామచెట్టు కింద కుర్చీ వేశారు. ఆయన శాక్సు తెచ్చి చూపిస్తే, చేతిలోకి తీసుకుని తలాడించి, “మంచి టెనర్” అన్నాను.

“ఇది ఆల్టో అండీ బాబుగారూ,” అన్నారాయన, చాలా మెల్లగా, నా పక్కనున్న మా మేనల్లుడికి వినపడకుండా.

టెనర్ రికార్డులు కొని కొని బీరువా నింపినవాణ్ణి. ఆ వాయిద్యం దగ్గరగా చూడడం అదే మొదలు. టెనర్ పెద్దదిట, దాని మెడ దగ్గర ఒక మెలిక ఉంటుందిట. మన దేశంలో శాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీతం పలికించిన కద్రి గోపాల్‌నాథ్ గారు వాయించిందీ ఆల్టోయే. ఆయన చిన్నప్పుడు మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సు విని మోజుపడ్డారు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ప్రామ్స్ ఉత్సవంలో వాయించారు. ఆ సంగతి కూడా మేష్టారే చెప్పారు. ఆయన గోడ మీద గోపాల్‌నాథ్ గారి ఫోటో ఉంది.

“మాకు టెనరే కావాలి,” అన్నాను పట్టు వదలక.

బ్యాండు షెడ్డులో పాత టెనర్ ఒకటుంది, ప్యాడ్ల దగ్గర గాలి పోతోంది అన్నారు. బాగుచేయించడానికి డబ్బులిచ్చాను. ఈ వ్యవహారం మొత్తంలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

తర్వాత కాగితం తీశాను. ‘బ్లూస్ ఫర్ టూ’ విని, ఫోన్లో ఏదో యాప్ సాయంతో స్వరాలు రాసుకొచ్చాను, తెలుగులోనే: సి, ఇ, జి, అలా. మేష్టారికి ఒక కాపీ, మా వాడికి ఒక కాపీ. రెండూ జిరాక్సులే. మేష్టారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఇది ఎవరి ‘సి’ అండీ? నాదా, గిటారుదా?”

నాకు నవ్వొచ్చింది. పాపం, పల్లెటూరి బ్యాండు, థియరీ ఎక్కడ తెలుస్తుంది అనుకున్నాను. “మేష్టారూ, సి ఎవరిదైనా సియే” అన్నాను. ఆయన మా మేనల్లుడికేసి చూశారు. వాడు జామచెట్టుకేసి చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “తమరెలా అంటే అలాగేనండీ” అన్నారు మేష్టారు. మా వైపు ఆ మాట అన్నారంటే అవతలి మనిషిని దేవుడికి వదిలేశారని అర్థం. ఆ సంగతైనా గ్రహించాల్సింది.

ఆయన అడిగిన ప్రశ్నలో ఉన్నదేమిటో తర్వాత తెలుసుకున్నాను. బెల్జియం మనిషి అడాల్ఫ్ శాక్స్ ఈ వాయిద్యానికి 1846లో పారిస్‌లో పేటెంటు తీసుకున్నాడు. ఒక్కటి కాదు, చిన్నవీ పెద్దవీ కలిపి ఒక కుటుంబాన్నే తయారుచేశాడు. వాటిని ముందు సైనిక బ్యాండుల వాళ్ళు అందుకున్నారు. వాయించేవాడు ఒక సైజు వదిలి ఇంకో సైజు పట్టుకున్నా వేళ్ళు పాత పద్ధతిలోనే పడాలని ఏర్పాటు. కాగితం మీద సి ఉంటే ఏ శాక్సు మీదైనా వేళ్ళు ఒకేలా పెడతారు, బయటికొచ్చే శబ్దం మాత్రం దేనిది దానిదే. ఆల్టో మీద అది ఇ ఫ్లాట్ అవుతుంది, టెనర్ మీద బి ఫ్లాట్ అవుతుంది. గిటారు సి మాత్రం సియే. మన లెక్కలో చెప్పాలంటే, గిటారు షడ్జం మీద నిలబడితే నా కాగితం చూసి వాయించే టెనర్ కైశిక నిషాదం దగ్గర తేలుతుంది, ప్రతి స్వరం దగ్గరా అదే దూరంలో. బ్యాండు మేళంలో ఆల్టో, టెనర్, క్లారినెట్, ట్రంపెట్ పక్కపక్కనే నడుస్తాయి. వీళ్ళకి ఇది అక్షరాభ్యాసంతో సమానం. ఎవరి సి అని అడగని బ్యాండువాడు మొదటి పెళ్ళిలోనే తన్నులు తింటాడు.

రిహార్సల్ పెట్టుకుందామా మావయ్యా అని మా వాడు రెండు మూడుసార్లు అడిగాడు. “జాజ్‌కి రిహార్సలేమిట్రా, అప్పటికప్పుడు పుట్టాలి” అన్నాను. వంతెన మీద రెండేళ్ళు సాధన చేసిన మనిషి కథ వాడికి చెప్పింది నేనే.

రిసెప్షన్ రాజమండ్రిలోనే. వేదిక మీద రెండు కుర్చీలు, రెండు మైకులు. మా వియ్యంకుడు గారిది భీమవరం వైపు. కాసేపు చూసి నా దగ్గరికొచ్చి, “బావగారూ, మిగతా బ్యాండు వాళ్ళు ఇంకా రాలేదాండీ? ట్రాఫిక్కా?” అని అడిగారు. “ఇద్దరేనండీ. డ్యూయెట్” అన్నాను గర్వంగా. “ఓహో, బడ్జెట్టా” అని భుజం తట్టి వెళ్ళారు.

మొదలైంది. ఇద్దరూ నా కాగితం చూసి చాలా నిజాయితీగా వాయించారు. మొదటి వరసలో ఒక పసివాడు ఏడుపందుకున్నాడు. మా పిన్ని చెవులు మూసుకుంది, తర్వాత ఎవరైనా చూశారేమోనని చేతులు తీసి జుట్టు సర్దుకుంది. నేను మాత్రం మొదటి అరనిమిషం తలాడిస్తూనే ఉన్నాను. జాజ్ కదా, కాస్త ఘాటుగా ఉంటుంది అనుకున్నాను. దాచకుండా చెప్పాలి కదా, ఒకటి రెండుసార్లు ‘ఆహా’ అని కూడా అన్నాను.

అప్పుడు మేష్టారు ఆపారు. శాక్సు నోట్లోంచి తియ్యలేదు, ఊరికే ఆగారు. మా వాడు కూడా కాగితం వదిలేసి, బొటనవేలితో కింది తీగ ఒక్కటే నెమ్మదిగా మీటుతూ ఉన్నాడు, ఇదిగో నేనిక్కడున్నాను అన్నట్టు. మేష్టారు ఆ తీగ విని, ఒక స్వరం పైకి జరిగి, వాడి షడ్జం మీద ఒక్క శ్వాస పట్టుకుని నిలబడ్డారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మోహన ఎత్తుకున్నారు మేష్టారు. అయిదు స్వరాలు. బ్యాండువాడి చేతిలో ఎన్ని వందల పెళ్ళిళ్ళు నడిచాయో ఆ రాగం. ఊరేగింపులో వాయించినట్టు వాయించలేదు ఆయన. డ్రమ్ములు లేవు కదా, వాటి మీద గెలవక్కర్లేదు. శాక్సులోంచి గాలి కూడా వినిపించేంత నెమ్మదిగా వాయించారు. ఒక పలుకు పలికి ఆగారు. ఆ సందులో మా వాడు రెండు తీగలు తాకాడు, మూడోది తాకబోయి మానేశాడు. మానేయడం వాడికి ఎవరు నేర్పారో నాకు తెలీదు, నేనైతే కాదు. మేష్టారు ధైవతం దగ్గర కొంచెం జారి పంచమం మీదకొస్తే, వాడు కింద ఇంకో మెట్టు వేసి దాని రంగు మార్చాడు. మేష్టారి కనుబొమలు లేచాయి. మళ్ళీ అదే పలుకు, ఈసారి మా వాడు వేసిన మెట్టుకి జవాబుగా. అటువైపు వడ్డన దగ్గర గరిటెల చప్పుడు తగ్గింది. పసివాడు ఊరుకున్నాడు.

బీరువా నిండా రికార్డుల్లో నేను వెతుక్కున్నది అదే. మా అమ్మాయి పెళ్ళిలో, నాకు పది అడుగుల దూరంలో, డబ్బులిచ్చి నేనే కూర్చోబెట్టుకున్న ఇద్దరి మధ్య పుడుతోంది.

నేనేం చేశాను? లేచి వేదిక ఎక్కాను. నా కాగితంలో ఉన్నది వాయించడం లేదన్న ఒక్కటే నా బుర్రలో ఉంది. మేష్టారి ముందున్న మైకు తీసుకుని, “క్షమించాలి, చిన్న పొరపాటు జరిగింది. వీళ్ళు వాయించాల్సింది ఇది కాదు” అన్నాను. మోహన మధ్యలో తెగింది. ఎలాగూ మైకు చేతికొచ్చింది, జనం నాకేసే చూస్తున్నారు, జిమ్ హాల్ ఎవరో చెప్పడం మొదలుపెట్టాను. పియానో ఎందుకు ఉండకూడదో చెప్పాను. గిటారిస్టు ఎక్కడ ఆగాలో తెలిసినవాడై ఉండాలని కూడా చెప్పాను, ఆగకుండా. విలియమ్స్‌బర్గ్ వంతెన దగ్గరికి వచ్చేసరికి కుర్చీలు ఖాళీ అయ్యాయి. భోజనాల వైపు రెండో పంక్తి కూర్చుంటోంది. మా ఆవిడ వేదిక కిందకొచ్చి, “ఏవండీ, కిందికి దిగండి. పూతరేకులు అయిపోతున్నాయిట” అంది. అంతమందిలో నన్ను దింపడానికి అంతకంటే మర్యాదైన మాట దొరకలేదు ఆవిడకి.

దిగి చూస్తే మేష్టారు శాక్సుకి గుడ్డ చుడుతున్నారు. మా మేనల్లుడు పక్కనే కూర్చుని, ఆ జారుడు ఎలా వేశారని అడుగుతున్నాడు. నన్ను చూసి ఇద్దరూ మాటలు ఆపేశారు.

పోనీ వీడియో ఉంటుంది కదా అని ఆశపడ్డాను. ఆల్బమ్‌తోపాటు వచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే, వేదిక మీద మేష్టారూ మా వాడూ వాయిస్తూ కనిపిస్తారు, వినపడేది మాత్రం కొత్త సినిమా పాట. కెమెరా కుర్రాణ్ణి అడిగితే, “అక్కడ ఆడియో ఏదో తేడాగా ఉందండీ, అందుకే పాట వేసేశాం. పెద్దాయన స్పీచ్ మాత్రం మొత్తం ఉంచామండీ” అన్నాడు. ఉంచారు. వంతెన దాకా ఉంది.

మొన్న మూఢంలో, పెళ్ళిళ్ళు లేని రోజులు కదా ఖాళీగా ఉంటారని, మళ్ళీ లంకలోకి వెళ్ళాను. మా వాడు సెలవులకి వచ్చాడు, ఇద్దరూ ఒక్క గంట వాయిస్తే మా ఇంట్లోనే రికార్డు చేసుకుంటాను, కాగితాలేమీ తీసుకురాను అన్నాను. మేష్టారు సంతోషించారు. రేటు చెప్పారు. ఊరేగింపుకి మొత్తం బ్యాండు తీసుకునేదానికంటే ఎక్కువే చెప్పారు.

“అదేంటండీ, ఇద్దరికి అంతా?”

“బ్యాండులో అయితే నేను ఊపిరి తీసుకునేటప్పుడు డ్రమ్ములు చూసుకుంటాయండీ. ఇద్దరే అయితే అది కూడా వినపడిపోతుంది కదండీ. నా వయసుకి కష్టమండీ,” అన్నారు.

న్యాయమే అనిపించింది. అయినా గోదారి నీళ్ళు తాగినవాణ్ణి కదా, బేరం మొదలెట్టాను. “ఊపిరికి కూడా డబ్బులా మేష్టారూ” అని సగానికి అడిగాను.

ఆయన రీడు తుడిచి డబ్బాలో పెట్టుకుంటూ, “మైకు నా దగ్గరే ఉంటుందంటే ఆలోచిస్తానండీ,” అన్నారు.